అయిందంటున్నారు

సార్ పోయారన్న మాట నాకు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఉదయం పదిన్నర. నోయిడాలో మెట్రో దిగి ఎస్కలేటర్ మీద ఉన్నాను. ప్రాజెక్ట్ హెడ్ మేడమ్ ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసి, చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. దాని కింద అప్పటికే పదిహేను జతల చేతులు. నేను మాత్రం "ఎవరు చూశారు?" అని రాశాను.

అలా రాసినందుకు ఆఫీసులో కొందరు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు. వాళ్లది తప్పని అనను. కానీ రెండేళ్లు ఆయన కింద పనిచేసిన మనిషికి ఆ ప్రశ్న దానంతటదే వస్తుంది. నా చోట ఆయనే ఉంటే ముందు అదే అడిగేవారు. ఆఫీసుకు పోకుండా అవతలి ప్లాట్‌ఫామ్ మీదికి వెళ్లి, మధ్యలో ఇంకో బండి మారి, సార్ ఇల్లున్న వైశాలిలో దిగాను. దారి పొడవునా ఇది పొరపాటు వార్తే అయి ఉంటుందని, తలుపు తీసి "ఏం పాపా, ఆఫీసు ఎగ్గొట్టినావా?" అంటారని అనుకుంటూనే ఉన్నాను. తలుపు ముందే తీసి ఉంది. గుమ్మం బయట చాలా చెప్పులున్నాయి. లోపలికి వెళ్లి చూశాను. చూశాక ఇంక అనుమానించడానికి ఏమీ మిగల్లేదు.

ఆయన కడప జిల్లా మనిషి. కేంద్ర ప్రభుత్వంలో ఇంజనీరుగా ముప్పై ఏళ్లు పైగా చేసి ఢిల్లీలోనే రిటైరయ్యారు. ఆ తర్వాత మా సంస్థలో సలహాదారుగా చేరారు. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లల కోసం బడుల్లో ర్యాంపులు కట్టించి, వాటికి రెయిలింగులు బిగించడం మా ప్రాజెక్టు. మొత్తం ముప్పై ఎనిమిది బడులు. పని చేసేది కాంట్రాక్టర్, లెక్క చూసేది సార్, ఆ లెక్కను ఎక్సెల్ షీట్‌లో ఎక్కించేది నేను.

నేను ఖమ్మం నుంచి సివిల్స్ రాయడానికి వచ్చి, ముఖర్జీ నగర్‌లో కిటికీ లేని గదిలో ఆరేళ్లు చదివి, అటెంప్టులన్నీ అయిపోగొట్టుకున్నదాన్ని. ఈ ఉద్యోగం మూడు నెలల కాంట్రాక్టు. మూడు నెలలకోసారి సార్ సంతకం పెడితేనే పొడిగిస్తారు. లేదంటే పెట్టె సర్దుకోవడమే. ఇంటర్వ్యూలో ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఆఖరి సారి మెయిన్స్‌లో పోయిందంటివి. మార్కుల కాయితం ఉండాదా?"

ఉంది. చూపించాను. వెలుతురుకు పట్టి మరీ చూశారు.

ఆయన అనుమానాలకు పెద్దా చిన్నా తేడా ఉండేది కాదు. ఏ కుర్చీనైనా రెండు చేతులతో ఊపి చూసి గాని కూర్చునేవారు కాదు, అది నిన్న కూర్చున్న కుర్చీ అయినా సరే. టీ బండి దగ్గర పాలు పొంగేదాకా గిన్నె మీద నుంచి కళ్లు తిప్పేవారు కాదు. బండివాడు "అరే అంకుల్‌జీ, రోజ్ తో పీతే హో" అని నవ్వేవాడు. "రోజూ తాగితే మాత్రం? నీళ్లు రోజూ అవే ఉంటాయా?" అని నాతో తెలుగులో అనేవారు.

షీట్ సంగతి చెప్పాలి. హెడ్ మేడమ్ నెట్‌లో దొరికే ఒక టెంప్లేట్ దించి ఇచ్చారు. పని పేరు, ఎవరిది, ఎప్పుడు మొదలు, ఎప్పటికి కావాలి, ఎంత శాతం అయింది, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది. శాతాన్ని చూపించడానికి నీలం రంగు పట్టీ ఒకటి ముద్దుగా పెరుగుతూ ఉండేది. సార్ మొదటి రోజే ఆ పట్టీని తీసేయించారు.

"అరవై శాతం రెయిలింగు యాడన్నా చూసినావా పాపా? ఉంటే ఉండాది, లేకుంటే లేదు."

తర్వాత స్థితి కాలమ్ మీద పడ్డారు. టెంప్లేట్‌లో మూడే ఉన్నాయి: మొదలు కాలేదు, నడుస్తోంది, అయింది. సార్ వాటిని నాలుగు చేశారు. ఆ కాలమ్ నింపేది మేమిద్దరమే కాబట్టి తెలుగులోనే పెట్టించారు. మొదలు కాలేదు, ఎరుపు. నడుస్తోంది, నారింజ. అయిందంటున్నారు, పసుపు. అయింది, ఆకుపచ్చ. పసుపు నుంచి ఆకుపచ్చకు రావాలంటే మాలో ఒకరు బడికి పోయి, రెయిలింగు పట్టుకుని ఊపి రావాలి. కాంట్రాక్టర్ పంపే ఫొటోలు పసుపు వరకే పనికొస్తాయి. "ఫొటో అంటే వాడు నిలబన్న పక్క నుంచి మాత్రమే" అనేవారు. హెడ్ మేడమ్ చూసేది రంగులే. అందుకే మా షీట్ ఎప్పుడూ పొద్దుతిరుగుడు చేనులా పసుపుగా ఉందని ఆవిడకు మంట.

ఇంత అనుమానం ఎందుకో ఒకసారి టీ దగ్గర చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రభుత్వ క్వార్టర్ల మేడ మీద పిట్టగోడ పూర్తయిందని కిందివాడు రాసుకొస్తే, చూడకుండా సంతకం పెట్టారట. ఒక పక్క గోడే లేదు. బట్టలు ఆరేయబోయిన ఒకావిడ అక్కడి నుంచి పడింది. "పానం పోలేదు గాని ఆయమ్మ మళ్లా నడవలేదు. రాసినోడు వాడు, సంతకం నాది" అన్నారు.

కానీ నేను మీకు చెప్పదలచుకున్నది ఆయన అనుమానం గురించి కాదు, నాది.

చేరిన రెండో వారంలో షీట్‌లో ఒక సంగతి కనిపెట్టాను. కాలమ్‌ల పైన వరసగా ఉండే ఇంగ్లీషు అక్షరాల్లో హెచ్ తర్వాత నేరుగా జే ఉంది. మధ్యలో ఐ లేదు. అంటే సార్ ఆ కాలమ్‌ను దాచిపెట్టారు. తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. ఎవరికీ కనబడకుండా ఆయన అందులో ఏం రాసుకుంటున్నారు? నాకు తట్టిన జవాబు ఒక్కటే: నా గురించి. ఎప్పుడు ఆలస్యంగా వచ్చాను, ఎక్కడ తప్పు చేశాను, నన్ను పంపించేయడానికి ఏ కారణం చెప్పాలి. నా ఉద్యోగం ఆ దాచిన కాలమ్‌లో ఉందని నమ్మాను.

అప్పటి నుంచి అన్నీ అదే కథ చెప్పాయి. నేను ఒక బడి చూసొచ్చి ఆకుపచ్చ చేస్తే, "పోయినావా? గేటు ఏ పక్క ఉండాది? కాపలా ఆయన ఏమన్నాడు?" అని నేరస్తురాలిని అడిగినట్టు అడిగేవారు. సోమవారం పొద్దున నేను వచ్చేసరికి షీట్ తెరిచి ఏదో టైప్ చేస్తూ, నన్ను చూడగానే మూసేసేవారు. తల దించుకుని నా కుర్చీలో కూర్చునేదాన్ని. లోపల మాత్రం ఉడికిపోయేదాన్ని.

పదిహేడో వరుస బడి ఊరికి బాగా అవతల. ఆ గురువారం వాన. మెట్రో దిగితే స్టేషన్ బయట మోకాలి లోతు నీళ్లు, ఒక్క ఆటో కూడా రానంది. కాంట్రాక్టర్ ఫొటో ఫోన్‌లో ఉంది. ర్యాంపు, రెండు పక్కలా మెరిసే రెయిలింగు. స్టేషన్ మెట్ల మీద గంటసేపు కూర్చుని తిరిగొచ్చి ఆకుపచ్చ చేశాను. సార్ అడిగారు, పోయినావా అని. పోయిన సార్, అన్నాను. ఆ ఒక్క మాట తర్వాత ఆయన ఇంకేమీ అడగలేదు. గేటు సంగతి అడగలేదు, కాపలా ఆయన సంగతి అడగలేదు. అడిగినప్పటి కన్నా దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

ఆదివారం గదిలో పడుకుని ఫోన్‌లో పాత ఫొటోలు చూస్తున్నాను. తొమ్మిదో వరుస బడి ఫొటో దగ్గర ఆగిపోయాను. అదే గోడ, అదే పగిలిన పూలకుండీ. కాంట్రాక్టర్ ఆ ఫొటోనే కొంచెం కోసి పదిహేడో బడి అని పంపాడు. అక్కడ రెయిలింగు ఉందో లేదో నాకు తెలియదు. ఉందని రంగు వేసింది నేను. మేడ మీది నుంచి పడ్డ ఆవిడ ఎలా ఉండేదో నేనెప్పుడూ చూడలేదు, ఆ రోజంతా ఆవిడే కళ్లలో మెదిలింది.

సోమవారం సార్ వచ్చేలోపే ఆ వరుసను మళ్లీ పసుపు చేశాను. ఆయన రాగానే ఎదురుగా నిలబడ్డాను.

"నేను పోలే సార్. అబద్ధం చెప్పిన."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇంతే, కాంట్రాక్టు చింపేస్తారు అనుకున్నాను.

"మళ్లా ఎప్పుడు పోతావు?"

"రేపు పోత సార్."

"సరే. టీ తాగుదాం పా."

అంతకు మించి ఆ విషయం మా మధ్య ఎన్నడూ రాలేదు. మర్నాడు వెళ్తే అక్కడ రెయిలింగే లేదు. నెలాఖరుకు నా కాంట్రాక్టు మీద సంతకం పెట్టారు. సంతోషించాల్సింది పోయి దాన్నీ అనుమానించాను. ఎందుకు ఉంచుకున్నాడు? అబద్ధం చెప్పానన్నది ఆ కాలమ్‌లో ఎక్కించి, అవసరమైనప్పుడు తీస్తాడు కాబోలు. ఆయన సంతకం పెట్టిన ప్రతిసారీ ఇదే అనుకున్నాను. అంతకాలం ఒక మనిషి ఇప్పించిన టీ తాగుతూ ఆయన్ని అలా చూసినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

చివరి నెల ఆయన ఆఫీసుకు రాలేదు. గుండె అన్నారు. ఫోన్ చేస్తే ఆస్పత్రి మంచం గురించి ఫిర్యాదు చేశారు, ఒక చక్రానికి బ్రేకు పడటం లేదని, మూడుసార్లు చెప్పినా "అయింది" అంటున్నారే గాని ఎవరూ చూడటం లేదని.

పదకొండో రోజున వైశాలికి మళ్లీ వెళ్లాను. వచ్చినవాళ్లంతా వెళ్లాక వాళ్లావిడ, నేను ఆంటీ అని పిలుస్తాను, వంటింటి గట్టు దగ్గర గిన్నెలు సర్దుతూ ఉన్నారు. నోరు ఊరుకోలేదు. అడగకూడని రోజున అడిగేశాను.

"ఆంటీ, సార్ షీట్‌ల ఒక కాలమ్ దాచిపెట్టిండు. అండ్ల ఏముందో మీకేమన్న చెప్పిండా?"

ఆంటీ గిన్నె కింద పెట్టి, బియ్యం డబ్బా వెనక నుంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చారు. "ఆ పాప ఎప్పుడో ఒకరోజు అడుగుతుంది, అడిగితే ఇయ్యి, అడక్కుంటే చించెయ్యి అనినాడమ్మా. నువ్వు అడగవేమో అనుకున్యా."

పాస్‌వర్డ్ ఏమిటో మీకు చెప్పను. సార్ ఒప్పుకోరు.

మర్నాడు ఆఫీసులో తెరిచాను. ఐ కాలమ్ నెత్తిన ఉన్న మాటలు ఇవి: "నేను చూసినానా?"

మొదటి పదహారు వరుసల్లోనూ ఒక్కొక్క శనివారం తేదీ, పక్కన "చూసినా". నేను చూసొచ్చానన్న ప్రతి బడికీ ఆయన నా వెనకే వెళ్లారు. నా అనుమానం నిజమే! ఒళ్లు మండింది. డెబ్బై దాటిన మనిషి, సెలవు రోజున, రెండు మెట్రోలు మారి, నేను ఊపిన రెయిలింగునే మళ్లీ ఊపి వచ్చారు.

పదిహేడో వరుస దగ్గర నేను అబద్ధం చెప్పిన వారంలోని శనివారం తేదీ ఉంది. "చూసినా. రెయిలింగు లేదు. పాప పోలేదు. చెప్తాదేమో చూద్దాం." దాని కింద సోమవారం తేదీతో ఒకటే మాట: "చెప్పింది."

పద్ధెనిమిదో వరుస నుంచి ముప్పై ఏడు దాకా అన్నింట్లోనూ ఒకటే రాత. "లేదు. పాప చూసింది."

ఆ తర్వాత ఆయన ఒక్క బడికీ వెళ్లలేదు. కుర్చీని నమ్మని మనిషి, పాలను నమ్మని మనిషి, నా మాట మీద ఇరవై బడులు వదిలేశారు. నేను స్క్రీన్ ముందు కూర్చుని ఏడ్చాను. ఎవరైనా చూస్తున్నారేమో అన్న అనుమానం కూడా రాలేదు.

ముప్పై ఎనిమిదో వరుసలో ఐ కాలమ్ ఖాళీగా ఉంది. ఆ బడి పని అయిందని కాంట్రాక్టర్ అంతకు ముందు వారమే ఫొటో పంపాడు. షీట్ మొత్తంలో పసుపు మిగిలింది ఆ ఒక్క గడే. హెడ్ మేడమ్ నా బల్ల దగ్గరికి వచ్చారు. "ఏక్ హీ తో బచా హై యార్. గ్రీన్ కర్ దో. శుక్రవారం ప్రాజెక్ట్ క్లోజ్ చేయాలి, నీ పొడిగింపు కాగితం కూడా దాంతోపాటే వెళ్తుంది" అని సగం హిందీ, సగం ఇంగ్లీషులో అన్నారు. ఇప్పుడు నా కాగితం మీద సంతకం ఆవిడదే. ఆ మాట నేను మరిచిపోకూడదని కూడా ఆవిడ ఉద్దేశం.

గురువారం బడికి వెళ్లాను. నేను వస్తున్నట్టు ఎవరు చెప్పారో, గేటు దగ్గర కాపలా ఆయన ఎదురొచ్చి "హో గయా మేడమ్, ఏక్‌దమ్ పక్కా" అన్నాడు, అయిపోయిందని. అయిదో తరగతి పిల్ల ఒకతె తన చక్రాల కుర్చీలో ర్యాంపు కింద కూర్చుని నన్నే చూస్తోంది. రెయిలింగు ఉంది. ఫొటోలో కన్నా బాగుంది. సార్‌లాగే కాళ్లు ఎడంగా పెట్టి, రెండు చేతులతో పట్టుకుని ఊపాను. మొదటిది కదల్లేదు, రెండోది కదల్లేదు. మూడో స్తంభం మొదలంటా కదిలింది. చేతులు తీస్తే అరచేతుల నిండా బూడిదరంగు పెయింట్. ఆ పొద్దునే వేశారు.

ఆఫీసుకు తిరిగొచ్చి షీట్ తెరిచాను. పసుపును పసుపుగానే ఉంచాను. సార్ ప్రశ్న కింద ఖాళీగా ఉన్న ఆ ఒక్క గడిలో, "చూసిన. మూడోది కదులుతుంది" అని రాసి, కాలమ్‌ను మళ్లీ దాచేశాను. మేడమ్ శుక్రవారం ఏం చేస్తారో తెలియదు. చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగాను. వేళ్ల మీది రంగు పోయింది గాని, అరచేతి గీతల్లో బూడిదరంగు అలాగే ఉండిపోయింది.