తమ్మె మాత్రం ఎర్రబడలేదు

ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో పదకొండేళ్లుగా బస్టాండు మైకులో చెప్పేది ఆవిడే. ఆమె ముఖం ఎరగనివాళ్లకు కూడా ఆ గొంతు తెలుసు. సిబ్బంది అందరికీ మైకక్క.

మొదట కుడిచెవి కందిపోయింది. దిండు తగిలితే చాలు, ప్రాణం విలవిల్లాడేది. చెవి డాక్టరు చీము పట్టిందని పది రోజులకు మందు రాశాడు. తగ్గింది. మూడు వారాలు తిరక్కముందే ఎడమచెవి వాచింది.

"పొద్దస్తమానం ఆ హెడ్‌ఫోను తగిలించుకుంటే వాయదా మరి?" అంది అత్తగారు.

హెడ్‌ఫోను మానేసింది. కమ్మలు తీసేసింది. అయినా ముక్కుదూలం సలపడం మొదలైంది, తర్వాత మోకాళ్లు పట్టేశాయి. ఎముకల డాక్టరు చెవి చూడలేదు, చెవి డాక్టరు మోకాలి సంగతి అడగలేదు. ఆ దిగులుకు, నొప్పిలోనూ ఆమెకు కాలు ఒకచోట నిలిచేది కాదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తోచేది కాదు. కూర పొయ్యి మీద పెట్టి వీధి గుమ్మందాకా వెళ్లి వచ్చేది.

ఒక మధ్యాహ్నం ప్రకటన చేస్తుంటే 'మూడో నంబరు' దగ్గర గొంతు జీరబోయి మాట లోపలే ఆగిపోయింది. జనం సామాన్లతో ఇటు కొందరు, అటు కొందరు పరుగెత్తారు. సూపర్‌వైజరు వచ్చి, "కొన్నాళ్లు విచారణ కౌంటర్లో కూర్చో అక్కా" అన్నాడు. తిట్టినా ఇంత బాధపడేది కాదు.

ఆ వారమే కన్ను ఎర్రబడింది. కళ్ల డాక్టరు పెద్దాయన. కన్ను చూసి, చుక్కల మందు రాయబోతూ ఆగి, ఆమె చెవి వంక చూశాడు.

"ఇదెన్నాళ్ల నుంచమ్మా?"

"ఏడు నెలలండి. వస్తుంది, పోతుంది."

ఆయన చెవి తమ్మెను నొక్కాడు. "నొప్పా?" లేదంది. కాస్త పైన వేలు ఆనించాడు. ఆమె కుర్చీలోంచి ఎగిరి లేచింది.

"తమ్మెలో మెత్తటి ఎముక ఉండదు. పైన ఉంటుంది. చీము పట్టడమైతే ఈ తేడా చూసుకోదు కదా," అని కీళ్లవాతాల డాక్టరుకు చీటీ రాసిచ్చాడు.

ఆ డాక్టరమ్మ అన్ని ఫైళ్లూ ఒకే బల్ల మీద పరిచింది. రక్తపరీక్షలు చేయించింది, శ్వాసనాళానికి స్కాన్ తీయించింది. అది అప్పటికే కాస్త ఇరుకైంది.

"దీన్ని రిలాప్సింగ్ పాలీకాండ్రైటిస్ అంటారు. ఒంటిని కాపాడాల్సిన శక్తే మెత్తటి ఎముక మీద తిరగబడుతుంది. చెవి, ముక్కు, గాలిగొట్టం, అన్నింట్లో ఉండేది అదే. లక్షల్లో ఏ ఒక్కరికో వస్తుంది, అందుకే ఎవరికీ తట్టలేదు."

"నాకు లాటరీ మాత్రం ఎప్పుడూ తగల్లేదండి," అని మైకక్క నవ్వబోతే దగ్గు తెర వచ్చింది.

స్టెరాయిడ్ మాత్రలతో నాలుగో రోజుకు చెవులు మామూలు రంగుకు వచ్చాయి. కానీ ఒంట్లో ఎవరో కొరడా పట్టుకుని తరుముతున్నట్టుండేది. కోడికూతకు లేచి అలమరలు దులిపేది. ముఖం గుండ్రంగా ఉబ్బింది. అద్దం చూడలేక, ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపేసింది.

ఆపిన తొమ్మిదో రోజున మెట్లెక్కుతుంటే ఊపిరి ఈల వేసింది. భర్త ఆమెను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తూ దారిపొడవునా ఆమె చేయి వదల్లేదు. గండం గడిచాక డాక్టరమ్మ కోప్పడలేదు. "స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపకూడదు. నేనే మెల్లగా తగ్గిస్తాను," అని ఆ తిరుగుబాటును అణిచే, వారానికొకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్ర కలిపింది.

ఏడాది అయింది. పూటకు రెండు గంటలు మళ్లీ మైకు ముందు కూర్చుంటోంది. గొంతులో జీర పోలేదు. కొత్త మనిషా అని ప్రయాణికులు అడుగుతారు. నెలనెలా రక్తపరీక్ష ఫలితం కోసం ఆసుపత్రి వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతుంది.

"కాసేపు కూర్చోవే, కాళ్లు నొప్పెడతాయి," అంటాడు భర్త.

"కూర్చుంటే ఇంకా భయమేస్తుందండి," అని మరో చుట్టు తిరుగుతుంది. ఆయన సంచీ భుజాన వేసుకుని వెంట నడుస్తాడు.