నాలుగో మంచం తెర మీద పేరు

మా మేనమామని ఆఫీసులో అందరూ ‘చేతిరాత’ అనేవారు. చాటున కాదు, ముఖం మీదే. ఆయన దాన్ని బిరుదులా పుచ్చుకుని మీసం దువ్వుకునేవాడు.

మేం ఆస్పత్రి మంచాల పక్కనుండే మానిటర్ తెరలకి ప్రోగ్రాం రాస్తాం. పైన రోగి పేరు, కింద గుండె లెక్క. అందులో పేరుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎక్కించే చిన్న పని ఒకటుంది. దానికోసం మావయ్య ఇరవై ఆరేళ్ళ కిందట పదకొండు వరుసలు అసెంబ్లీలో, అంటే దాదాపు యంత్రం భాషలోనే, స్వయంగా రాశాడు. మిగతాదంతా మనుషులు చదవగలిగే సి భాషలో ఉంటుంది, దాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. ఆ రోజుల్లో కంపైలర్ రాసినదాని కన్నా మావయ్య రాసింది నిజంగానే వేగంగా నడిచేది. తర్వాత కంపైలర్లు ఆరితేరాయి. ఆ వరుసలు తీసేద్దామని నేను రెండేళ్ళు పోరాను. కాకి పిల్ల కాకికి ముద్దు. విన్నాడు కాదు.

అత్త గుండె జబ్బుతో ఆస్పత్రిలో చేరి, మూడో రోజున నాలుగో మంచం మీద పోయింది. మా తెరలున్న వార్డే అది. ఆ తర్వాత తెర ఆపేసి, ఆ మంచాన్నీ తెరనీ కొన్నాళ్ళు వాడకుండా పక్కన పెట్టారు. మావయ్య మళ్ళీ ఆఫీసుకొచ్చిన వారంలోనే నర్సు ఫోన్ చేసింది. మంచం మళ్ళీ వేశారట, కొత్త మనిషిని చేర్చారట, తెర మీద మాత్రం ఇంకెవరి పేరో ఉందట. ఎవరిదని అడిగాను. మా అత్త పేరు చెప్పింది.

తెరని ఆపకుండా బ్యాటరీ మీదే తెప్పించి చూస్తే తప్పు దొరకడానికి గంట కూడా పట్టలేదు. చేత్తో రాసిన వరుసల చివర కంపైలర్‌కి ఒక సంగతి చెప్పాలి: ఇక్కడ మెమరీలో ఉన్నది మారింది, మళ్ళీ చదువుకో అని. మావయ్య అది రాయలేదు. పాత కంపైలర్ మందమతి, చెప్పకపోయినా ప్రతిసారీ చదువుకునేది. ఆర్నెల్ల కిందట మేం తెచ్చి, అత్త చేరడానికి కొద్ది రోజుల ముందే ఆ వార్డు తెరలకి వాడిన కొత్తది చురుకైనది. ఎవరూ చెప్పలేదు కనుక పేరు మారలేదనుకుని, తెర మీద కొత్త పేరు వేయడమే మానేసింది. తెర ఆపి మళ్ళీ వేస్తే మాత్రం అప్పటికి చివరగా ఎక్కించిన సరైన పేరే వస్తుంది. పరీక్షించింది నేనే, ప్రతిసారీ ఆపి వేసి చూశాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

అంటే అత్త బతికున్న మూడు రోజులూ ఆ తెర మీద ఆవిడకి ముందున్న మనిషి పేరే ఉంది; అత్త పేరు పడింది ఆవిడ పోయాక తెర ఆపి మళ్ళీ వేసినప్పుడే. ఆ మనిషికి షుగరట. అత్తకి ఆ మనిషి మందులు ఎక్కించారేమోనన్న భయం మావయ్యని పట్టుకుంది. తన పదకొండు వరుసలే భార్యని చంపాయా? తెలిసేదాకా ఆయనకి అన్నం సయించలేదు. ఆ తెరని తన బల్ల మీద పెట్టుకుని ఆపనివ్వలేదు. పైన అత్త పేరు, గుండె లెక్క ఉండాల్సిన చోట చిన్న గీత. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అది అలా వెలుగుతూ ఉంటే, అటుగా వెళ్ళేవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. నేనైతే ఆ వైపు చూడకుండా నడవడం నేర్చుకున్నాను.

ఆ వరుసలు తీసేసి మామూలు సి లో మూడు వరుసలు రాశాను. కొలిస్తే మావయ్యదాని కన్నా రెట్టింపు వేగం. ఆ మాట చెబితే ఆయన వాదించలేదు. నాకు భయమేసింది.

చివరికి ఇద్దరం వార్డుకి వెళ్ళాం. నర్సు అత్త కాగితాలన్నీ తీసి, వేళలూ సంతకాలూ ఒక్కొక్కటే చూపించింది.

“మందులు మేం తెర చూసి ఇవ్వం సార్, చేతికున్న పేరు పట్టీ చూసి ఇస్తాం. ఆవిడకి ఆవిడ మందులే పడ్డాయి,” అంది.

మావయ్య ఆవిడకి నమస్కారం పెట్టి బయటికొచ్చి, వరండాలో బల్ల మీద కూలబడ్డాడు. ఇంక దిగులెందుకు మావయ్యా అన్నాను.

“చివరి రోజు మీ అత్త నా చెయ్యి పట్టుకు లాగింది, అమ్మడూ. ఏమండీ, అక్కడున్నది నా పేరు కాదు, నన్ను ఇంకెవరో అనుకుంటున్నారు అంది. భయపడిపోయింది.”

అప్పుడేం చేశావని అడిగాను.

“ఆ పేరు ఎక్కించేది నేను రాసిందే, అందులో తప్పు రాదు, నీకే చూపు ఆనడం లేదు అన్నాను. తెర నా వెనకే ఉంది. తల తిప్పి చూడలేదు.”

అత్త ఇంకేమీ అనలేదా అన్నాను.

“సరేలెండి, మీరు చెప్పారుగా అంది.”