నాకొచ్చిన అరవం

ఇన్నేళ్లూ ఒక్క మాటను గొంతులో పెట్టుకుని తిరిగాను. ఒకే ఒక్క మాట. అదీ మన భాషది కాదు. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకైతే అసలే చెప్పలేదు, ఎందుకంటే ఆ మాట వల్ల మునగబోయింది ఆమె తండ్రి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను జమ్మలమడుగులో బడిపంతుల్ని. అంతకుముందు మద్రాసులో నలభై రోజులున్నాను. ఉన్నది బంధువుల ఇంట్లో, మాట్లాడింది తెలుగే. అయినా పెళ్లిచూపుల్లో అరవం వచ్చన్నాను. ఎవరడిగారు? ఎవరూ అడగలేదు.

మామ రైతు. పెన్న పారినప్పుడు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదే మనిషి. నన్ను నమ్ముకుని రామేశ్వరం బయల్దేరాడు. ఆ దీవి కొసన, ధనుష్కోటిలో, స్నానానికి దిగబోతుంటే ఒక జాలరి పరిగెత్తుకొచ్చాడు. అటూ ఇటూ అలలు విరుగుతున్నాయి, మధ్యలో ఒక పాయ మాత్రం చెరువులా ఉంది. దాన్ని చూపిస్తూ "అంగ పోగాదీంగ" అన్నాడు. ఇంకా ఏదేదో అన్నాడు.

"ఏమంటాండాడప్పా?" అన్నాడు మామ.

అంగ అంటే అక్కడ. పో అంటే పో. మిగిలింది మర్యాద కోసం తగిలించి ఉంటాడనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక తెలియదని చెప్పడానికి నామోషీ పడ్డానా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. రెండోదే.

"ఆడికే పొమ్మంటాండాడు మామా. ఆడ అల ల్యాదంట, శానా నిమ్మళమంట."

"మంచోడప్పా," అని మామ జాలరికి దండం పెట్టి ఆ పాయలోనే దిగాడు.

మొదటి మునక ఒడ్డు దగ్గర. రెండో మునక నుంచి తేలేసరికి మనిషి ఎక్కడో ఉన్నాడు. అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్లన్నీ ఆ నిమ్మళమైన దారినే లోపలికి తిరిగిపోతాయట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. మామ ఒడ్డుకేసి ఈదుతున్నాడు, వెనక్కి పోతున్నాడు. జాలరి చేతులు పక్కకు ఊపుతూ అరిచాడు. చేతుల భాష నాకు వచ్చు. "మామా, ఒడ్డుకొద్దు! పక్కకీదు, పక్కకు!" అని గొంతు చించుకున్నాను. విన్నాడు. పక్కకు ఈది, అలలు విరిగేచోటికి చేరి, వాటి తోపుతో ఒడ్డున పడ్డాడు. పంచె మాత్రం సముద్రంలోనే ఉండిపోయింది.

జాలరి తల బాదుకుంటూ నన్ను తిట్టాడు. ఈసారి ప్రతి మాటా అర్థమైంది.

"ఏమంటాండాడు?" అన్నాడు మామ వగరుస్తూ.

"నీ ఈతను మెచ్చుకుంటాండాడు మామా."

నవ్వండి. నేనూ నవ్వుకున్నాను. అరవం తెలిసిన అల్లుడు ప్రాణం కాపాడాడని ఊళ్లో నా పేరు మోగిపోయింది. దక్షిణయాత్రకు పోయేవాళ్లంతా నా సలహాకొచ్చేవాళ్లు. సముద్రంలో అల లేనిచోట మాత్రం దిగొద్దని చెప్పేవాణ్ణి. ఎందుకని అడిగితే ఆచారమనేవాణ్ణి.

నవ్వు రానిది ఒకటుంది. మరుసటేడు పెన్న పారింది. మామ దిగలేదు. గట్టున కూర్చుని, "చేతుల్లో సత్తువ పోయిందప్పా. నిమ్మళంగా ఉన్న నీళ్లలోనే ఈదలేకపోతి," అన్నాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ దిగలేదు. ప్రతి ఏడూ పక్కనే కూర్చున్నాను. ఒక్క మాట చెబితే లేచి దూకేవాడు. చెప్పలేదు.

ఇప్పుడు మామ లేడు. క్షమించమని అడగడానికి మనిషి లేడు, మిమ్మల్ని అడిగి లాభం లేదు. గొంతులోది బయట పెట్టాను, అంతే. కాస్త ఊపిరాడుతోంది.

పోగాదీంగ అంటే పోవద్దని, మామా. నీ ఈత బాగానే ఉండేది. నాకే అరవం రాదు.