పిన్ని ఓటు మోసుకుని నాటింగ్‌హామ్‌కి

ఊరు ప్రయాణమంటే ఎవరైనా బట్టలు సర్దుకుంటారు. నేను స్విండన్ నుంచి నాటింగ్‌హామ్‌కి ఒక ఓటు పట్టుకుని బయల్దేరాను. అదీ నాది కాదు, మా సుగుణ పిన్నిది.

2016 జూన్ ఇరవై మూడు, గురువారం. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి పోవాలా అని దేశమంతా ఓటేసే రోజు. పిన్ని నాటింగ్‌హామ్‌లో వృద్ధులుండే ఒక కేర్ హోమ్‌లో కేరర్, ముసలివాళ్ళని చూసుకునే పని. కూతురు కెజియాకి పురుడు దగ్గరపడిందని నెల మొదట్లోనే గుంటూరు వెళ్ళింది. ఓటు రోజున ఊళ్ళో లేనివాళ్ళు తమ బదులు ఇంకొకరిని పెట్టుకోవచ్చు. ప్రాక్సీ అంటారు. ఆ మనిషి వాళ్ళ పోలింగ్ స్టేషన్‌కి వెళ్ళి, వాళ్ళు చెప్పిన చోట గుర్తు పెట్టి రావాలి. నిజంగా అక్కడే పెట్టాడో లేదో చూసేవాళ్ళెవరూ ఉండరు. పిన్ని ఆ పనికి నన్ను పెట్టుకుంది.

నన్నే ఎందుకు పెట్టుకుందో నాకు అంతుబట్టలేదు. ఓటుకి ముందు మూడు నెలలూ ఫోన్లో నేను ఆమె చెవులకి తూట్లు పొడిచాను. నేను బయటికి పోవాలనేవాణ్ణి, ఆమె ఉండాలనేది. నా వాదనకి ఆయువుపట్టు మా చెల్లెలు కెజియా. గుంటూరులో మంచి నర్సని పేరు. ఇక్కడికి రావడానికి ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు రాసి, రెండుసార్లూ రైటింగ్‌లో అరమార్కుతో పోయింది. యూరప్ నర్సులకి మొన్నమొన్నటి దాకా ఆ పరీక్షే లేదు. "వాళ్ళకి తలుపు మూస్తే మనకి తెరుస్తారు పిన్నీ, నీ కూతురు నీ దగ్గరికొస్తుంది" అని చెప్పేవాణ్ణి. ఆఫీసు వంటగదిలోనూ, వెంబ్లీలో స్నేహితుడి ఇంట్లో విందులోనూ ఇదే పాట పాడి నలుగురిని ఒప్పించాను కూడా. టీవీలో నాయకులు చెప్పే మాటకి మన తాలింపు పెట్టి వడ్డించడంలో నేను ఘనుణ్ణి. పిన్ని మాత్రం, "అన్నీ విన్నాన్రా ప్రభా. నా ఓటు ఉండాలన్న చోటే వెయ్యి. వెళ్ళినవాడివి ఇంట్లో భోంచేసి రా" అని ఫోన్ పెట్టేసింది.

ఉదయం ఏడింటికి మా ఫ్లాట్ దగ్గరి స్కూల్లో తలుపులు తెరవగానే నా ఓటు నేను వేసేశాను. బయటికి పోవాలనే. ఇండియా పాస్‌పోర్టు వాడికి ఇక్కడ ఓటేమిటని మీకనిపించవచ్చు. కామన్వెల్త్ దేశాలవాళ్ళం కనక వీసా మీద ఇక్కడ ఉంటున్నా మాకు ఓటుంది. పెన్సిలుతో గుర్తు పెడితే చెరిపేస్తారని ఎవరో పుకారు లేపితే నమ్మి, జేబులో పెన్ను కూడా పెట్టుకెళ్ళాను. బల్ల దగ్గర కూర్చున్నావిడ నా పెన్ను చూసి, "పొద్దున్నే పెన్ను తెచ్చినవాళ్ళలో మీరు మూడోవారు" అని నవ్వింది.

ఏడూ యాభైకి గ్లాస్టర్ రైలు. టిక్కెట్టు రానూపోనూ అరవై పౌండ్ల పైమాటే. ముందుగా కొనుక్కుంటే తగ్గుతుంది, నాలాగా ఆఖరి నిమిషం దాకా ఆగకండి. స్ట్రౌడ్ దగ్గర లోయ భలే బాగుంటుంది, కుడివైపు కిటికీ దొరికితే వదలకండి. ఒకచోట ఆనుకుని ఉన్న రెండిళ్ళ ముందు రెండు బోర్డులు కనిపించాయి, ఒకటి ఉందామని, ఒకటి పోదామని. మధ్యలో పిట్టగోడ మీద ఇద్దరివీ కలిపి పూలకుండీలు వరసగా ఉన్నాయి. ఈ దేశమంటే నాకిష్టం ఇందుకే. తగాదా కూడా పూలకుండీలు కదలకుండా శుభ్రంగా పడతారు.

గ్లాస్టర్‌లో దిగి, టీ, గుడ్డు శాండ్‌విచ్ కొనుక్కుని, తొమ్మిది దాటాక నాటింగ్‌హామ్ రైలెక్కాను. ఇక మారే పని లేదు, రెండూ ముప్పావు గంటలు. నాలుగు సీట్ల బల్ల దగ్గర చోటు దొరికింది. ఎదురుగా ఒక పెద్దాయన ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్నాడు. చెప్‌స్టోలో ఎక్కాడట, బర్టన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్నాడు. చెల్టన్‌హామ్‌లో ఒకావిడ ఎక్కి ఆయన పక్కన కూర్చుంది. ఆ రోజు రైల్లో ఎవరు నోరు తెరిచినా ఒకటే మాట. ఆవిడ నిట్టూర్చి, "మా ఆయన పోదామంటాడు, నేను ఉందామంటాను. నాలుగు రోజులుగా మా ఇంట్లో ఎవరి టీ వాళ్ళదే" అంది.

పెద్దాయన పోస్టులో ఎప్పుడో వేసేశాడట, పోవాలనే. నేనూ అటేనని తెలిసి సంబరపడిపోయి బిస్కెట్ల పొట్లం నా ముందుకి తోశాడు. ఇంకేం, నా కచేరీ మొదలైంది. యూరప్ తలుపు మూస్తే మా చెల్లెల్లాంటి నర్సులకి ఎలా దారి దొరుకుతుందో ఆవిడకి వివరించాను. ఆవిడ మర్యాదగా తలూపుతూ వింది. పెద్దాయన మాత్రం బిస్కెట్టు టీలో ముంచుతూ ఆగాడు.

"మీ చెల్లెలా? లేదు బాబూ, ఇక ఎవరూ రాకుండా ఉండటానికే కదా మనం వేసింది" అన్నాడు. ఆ గొంతులో విసుగూ లేదు, వెటకారమూ లేదు. మనవడికి లెక్క తప్పయితే తాత దిద్దినట్టు చెప్పాడు. "నువ్వెలాగూ వచ్చేశావుగా, నీకేం భయం లేదు" అని ఇంకో బిస్కెట్టు ఇచ్చాడు. తిన్నాను. ఆ తరవాత బర్మింగ్‌హామ్ వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఒక్క ముసలాయన అన్నంత మాత్రాన వాదనంతా పోతుందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పన్నెండుకి నాటింగ్‌హామ్. స్టేషన్‌ని ఆనుకునే ట్రామ్ ఉంటుంది. బాస్ఫర్డ్ దాకా ఇరవై నిమిషాలు, అక్కణ్ణుంచి పిన్ని ఇంటికి ఐదు నిమిషాల నడక. తలుపు తీసింది డానూటా. పోలండ్ మనిషి, యాభై దాటి ఉంటాయి. పిన్ని పనిచేసే కేర్ హోమ్‌లోనే కేరర్. బాబాయి పోయినప్పటి నుంచి పిన్నికి తోడుగా అదే ఇంట్లో ఉంటోంది. ఈ దేశం వచ్చి పదకొండేళ్ళు. పోలండ్ లాంటి యూరప్ దేశాలవాళ్ళకి ఈ ఓటివ్వలేదు కనక ఆమెకి ఇవాళ ఓటు లేదు. నాకుంది. వచ్చి మూడేళ్ళయిన నాకుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు, గుమ్మంలో ఆ మనిషి ముఖం చూసినప్పుడు మొదటిసారి సిగ్గేసింది.

ఆమె బతిమాలుతుందని, కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందని అనుకుని, జవాబులు వరసగా పేర్చుకుని వెళ్ళాను. ఆమె నా చేతిలోని గొడుగు తీసుకుని, రైలు టైముకొచ్చిందా అని అడిగి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. మామిడికాయ పప్పు, వంకాయ వేపుడు, పక్కన వాళ్ళ ఊరి దోసకాయ ఊరగాయ. పప్పు పిన్ని చేతి పప్పులాగే ఉంది, కాస్త ఉప్పు తక్కువ. "తిను, తిను" అంది తెలుగులో. ఆమెకి మన భాషలో వచ్చినవి నాలుగే మాటలు, నాలుగూ అన్నం దగ్గరివే.

ఫ్రిజ్ మీద మే నెల రోటా, ఎవరికి ఏ డ్యూటీయో రాసిన పట్టిక, ఇంకా అంటించే ఉంది. ఆదివారం ఉదయాల్లో పిన్ని పేరు కొట్టేసి, డానూటా పేరు రాసి ఉంది. ఇదేమిటని అడిగాను.

"మీ పిన్నికి ఆదివారం చర్చి. నేను శనివారం సాయంత్రమే ప్రార్థనకి వెళ్ళొస్తాను, అందుకని ఆదివారం ఆమె డ్యూటీ నేను చేస్తాను. మాకు క్రిస్మస్ ముందు రోజు రాత్రి భోజనం ముఖ్యం. ఆ రోజు నా డ్యూటీ ఆమె చేస్తుంది" అంది. "ఏడేళ్ళుగా అంతే. మేనేజర్‌కి కూడా అలవాటైపోయింది."

ఇంగ్లీషులో తాపీగా, మాట వెనక మాట వెతుక్కుంటూ చెబుతుంది. నేనే ఆగలేకపోయాను. ఈ ఓటు గురించి నీకేమనిపిస్తోందని అడిగేశాను.

ఆమె గిన్నె తుడిచి బోర్లించింది. "రోజూ నేను స్నానం చేయించే ముసలమ్మ ఉంది. నేనంటే ప్రాణం. మొన్న నా చెయ్యి పట్టుకుని, త్వరలో నువ్వు మీ ఇంటికి వెళ్ళిపోవచ్చులే తల్లీ అంది. ప్రేమగానే అంది, నేను ఇల్లు వదిలి వచ్చి బాధపడుతున్నానని ఆమె అనుకుంటోంది. నా ఇల్లు ఇదేనని ఎలా చెప్పను?"

పప్పు ఇంకొంచెం వెయ్యమన్నాను.

ఆమెకి లేట్ షిఫ్ట్. ఒంటిగంటన్నరకి ఇద్దరం కలిసి బయల్దేరాం. పోలింగ్ జరిగే చర్చి హాలు ఆమె బస్‌స్టాపుకి వెళ్ళే దారిలోనే ఉంది. ఎదురింటావిడ కూడా ఉండాలనేవారిలో ఒకరట, పిన్ని ఓటు తాను వేస్తానని ముందుకొచ్చిందట. పిన్ని వద్దందట.

"ఎందుకు వద్దంది? నేను అటువైపు వాణ్ణని తెలుసుగా" అన్నాను.

"నేనూ అదే అడిగాను" అంది డానూటా. "వాడు ఫోన్లో మాట్లాడటమే గాని ఈ ఇంటికొచ్చి ఏడాదిన్నరయింది, ఒక్కసారి వచ్చి నీ చేతి అన్నం తిని వెళ్ళనీ అంది. తరవాత వాడి ఇష్టం అంది."

నడుస్తున్నవాణ్ణి ఆగిపోయాను. మూడు నెలలు నేను గొంతు చించుకున్నాను. మా పిన్ని మారుమాట్లాడకుండా, నన్ను రెండు రైళ్ళెక్కించి, పప్పన్నం ముందు కూర్చోబెట్టింది.

చర్చి గేటు దగ్గర రెయిలింగుకి ఎవరిదో కుక్క కట్టేసి ఉంది. డానూటా దాని దగ్గరే నిలబడిపోయింది. "కౌన్సిల్ ఎన్నికల్లో నేనూ ఇక్కడే ఓటేశాను. చెత్తబండి సంగతి తేల్చడానికి నాకు ఓటుంది. నేనుండాలా వద్దా అన్నదానికి లేదు" అని నవ్వింది. ఆ నవ్వు చూస్తూ నిలబడలేక లోపలికి నడిచాను.

బల్ల దగ్గరి కుర్రాడు జాబితాలో పిన్ని పేరు, దాని ఎదురుగా నా పేరు చూసుకుని కాగితం ఇచ్చాడు. చెక్క అరల మధ్య నిలబడ్డాను. కాగితం మీద రెండే గళ్ళు, పైది ఉండాలని, కిందది పోవాలని. అబద్ధమెందుకు, చెయ్యి కింది గడి వైపు వెళ్ళింది. ఇక్కడ గుర్తు పెడితే రేపు కెజియా రావచ్చు, పిన్ని కోసమే కదా, పిన్నికి ఎలాగూ తెలియదు అని లోపల ఒకడు గొణుగుతూనే ఉన్నాడు. వాడి గొంతు నాకు బాగా తెలుసు, ఆఫీసు వంటగదిలో అందరినీ ఒప్పించినవాడే. కెజియా పిన్ని కడుపున పుట్టిన పిల్ల. బిడ్డ దగ్గరుండాలని తల్లికి నేను నేర్పాలా? అన్నీ విన్నానని ఆమె అన్నప్పుడు నిజంగానే అన్నీ వింది. విన్నాకే ఉండాలంది. పై గడిలో గుర్తు పెట్టి, మడిచి, పెట్టెలో వేశాను.

బయటికొచ్చి డానూటాతో, "పిన్ని చెప్పినట్టే వేశాను" అన్నాను. ఆమె తలూపి, నా చొక్కా కాలరు మడత సరిచేసి, సంచీలోంచి ఒక డబ్బా తీసి ఇచ్చింది. "రైల్లో తిను." బస్సొచ్చింది, ఎక్కింది, కిటికీలోంచి చెయ్యి ఊపింది.

తిరుగు రైలు మూడు దాటాక. డబ్బాలో బంగాళాదుంప కూరిన వాళ్ళ కజ్జికాయలు. డెర్బీ రాకముందే సగం ఖాళీ చేశాను. బర్మింగ్‌హామ్ దాటుతుండగా గుంటూరు నుంచి పిన్ని ఫోన్ చేసింది. అక్కడ రాత్రి భోజనాలయినట్టున్నాయి.

"డానూటా పప్పులో ఉప్పేసిందా?"

"తక్కువేసింది."

"ఎప్పుడూ అంతే." ఓటు ఏ గడిలో వేశావని అడగలేదు. నేనే చెప్పబోతే, "నాకు తెలుసులేరా" అంది. "అది సరే గానీ, పోలింగు పదింటి దాకా ఉంటుందటగా. నువ్వు స్విండన్ చేరేసరికి బోలెడు టైముంటుంది. నీ ఓటు మళ్ళీ ఒకసారి ఆలోచించుకుని వేసుకో నాన్నా" అంది.

"పొద్దున్నే వేసేశాను పిన్నీ. ఏడింటికే."

"సరేలే," అంది, "ఆ పిల్లని అప్పుడప్పుడూ చూసి వస్తూ ఉండు." యాభై దాటిన మనిషిని పిల్ల అంది.

ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. పక్క సీటు అబ్బాయి మర్యాదగా తల తిప్పుకున్నాడు.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. టిక్కెట్టు ముందుగా కొనుక్కోండి. స్ట్రౌడ్ దగ్గర కుడివైపు కూర్చోండి. బాస్ఫర్డ్‌లో మిమ్మల్ని ఎవరైనా భోజనానికి పిలిస్తే కాదనకండి. ఎవరి ఓటయినా మోసుకుని వెళ్ళాల్సి వస్తే, ముందు వాళ్ళది వేసేసి రండి. మీది ఇంటికి తిరిగొచ్చాక వేసుకోండి.