అంకెలు అందరూ చదవగలరు

పాలస్తీనా వెళ్తానని చెప్పినప్పుడు అమ్మ చేటలో బియ్యం చూస్తోంది. తలెత్తలేదు.

"అక్కడ బాంబులేస్తారంట గదే?"

"నేనుండే ఊళ్ళో వెయ్యరమ్మా."

"వెయ్యరని నీకెవులు సెప్పినారు? అరసవల్లి నుంచి ఆర్టీసీ కాంప్లెక్సుకి ఆటో ఎక్కడానికే బయపడిపోతావు. మూడు నెల్లు అక్కడేటి సేస్తావే?"

అమ్మ అన్నదాంట్లో అబద్ధం లేదు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. సోషల్ వర్క్‌లో పీజీ చేశాను గాని, పదిమందిలో నోరు విప్పాలంటే చేతులు చల్లబడిపోయేవి. చర్చిలో సాక్ష్యం చెప్పమంటారేమోనని స్తంభం వెనక కూర్చునేదాన్ని. చెప్పలేనివన్నీ డైరీలో రాసుకోవడం ఎనిమిదో తరగతి నుంచీ అలవాటు. మా చర్చికి తెలిసినవాళ్ళ ద్వారా వెస్ట్ బ్యాంకులోని ఒక చిన్న పట్టణంలో, ఆడవాళ్ళ హక్కుల కోసం నడిచే కేంద్రంలో పని దొరికింది. ఇంగ్లీషులో రిపోర్టులు టైపు చేస్తే చాలు, మాట్లాడక్కర్లేదన్నారు. అందుకే ఒప్పుకున్నాను.

కేంద్రం ఒక రొట్టెల దుకాణం మీది మేడ. ముందు గదిలో ఎంబ్రాయిడరీ క్లాసు, వెనక గదిలో లాయరు. ఆడవాళ్ళు ఇంట్లో కుట్టుపనికని చెప్పి వచ్చి, ముందు గదిలో కాసేపు సూది పట్టుకుని, మెల్లగా వెనక గదిలోకి వెళ్ళేవారు. ఆ లాయరే కేంద్రానికి పెద్ద. అరవై దాటిన మనిషి. నాకు మొదటి రోజే చెప్పింది: "ఇక్కడికొచ్చేవాళ్ళ పేరుగాని, నంబరుగాని నీ ఫోన్‌లో ఉండకూడదు. కాగితం మీద అసలే ఉండకూడదు."

వచ్చేవాళ్ళలో ఒకామెను నేను మనసులో అక్క అనుకునేదాన్ని. నలభై దాటింది, పెళ్ళి కాలేదు. తండ్రి పోయాక ఆలివ్ తోటలో ఆమెకు వాటా ఉంది. వాటా వద్దని సంతకం పెట్టమని అన్నదమ్ములు కాగితం తయారుచేశారు. ఆమె పెట్టకుండా ఏదో వంకతో రోజులు నెట్టుకొస్తోంది. లాయరు ఒక తారీఖు చూసి పెట్టింది. ఆ రోజు షరియా కోర్టులో అర్జీ పడిపోతే ఇక ఆమె వాటా ఆమెదని అడగవచ్చు. ఈలోగా ఇంట్లో తెలిస్తే ముందే చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించేస్తారు.

ఆమె మాటలు లాయరు నాకు ఇంగ్లీషులో చెప్పిన రాత్రి ఇదంతా డైరీలో రాశాను. ఆ ఊళ్ళో నా అక్షరాలు చదవగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. తెలుగే నా తాళం అనుకున్నాను. కోర్టు తారీఖు రాసి కింద గీత గీశాను. అవసరం పడితే కబురు చెయ్యాలని అక్క నంబరు కూడా రాసుకున్నాను.

నా గదికీ కేంద్రానికీ మధ్య పసుపు రంగు వ్యాన్లు తిరిగేవి. సర్వీసు అంటారు. మన షేర్ ఆటోల్లాగే, నిండితే గాని కదలవు. వెనకవాళ్ళ డబ్బులు చేతులు మారి ముందుకు వెళ్తాయి. నేనెక్కే వ్యాను డ్రైవరు అక్క తమ్ముడు. లాయరు కిటికీలోంచి చూపించి, అతని బండిలో నోరెత్తవద్దంది. నా విషయంలో అదొక్కటే అనవసరపు హెచ్చరిక.

ఒక గురువారం సాయంత్రం దారిలో అప్పటికప్పుడు చెక్‌పోస్టు పెట్టారు. వాహనాల వరస కదలడం లేదు. భయం తగ్గడానికి డైరీ తీసి రాసుకుంటున్నాను. సైనికుడు అద్దం మీద కొట్టి అందర్నీ దిగమన్నాడు. పాస్‌పోర్టు తీసుకుని దిగాను. విదేశీ దాన్నని నన్ను పక్కన నిలబెట్టేశారు. వదిలేసరికి వ్యాను వెళ్ళిపోయింది. వేరే బండెక్కి గదికి చేరాక, సంచిలో చెయ్యి పెట్టాక తెలిసింది. డైరీ సీటు మీదే ఉండిపోయింది.

ముందు ఊరట పడ్డాను. తెలుగే కదా, అతనికేం అర్థమవుతుంది? మంచం మీద కూర్చున్నాక రాసిన పేజీ కళ్ళ ముందు కదిలింది. అక్షరాలు తెలుగువి. అంకెలు తెలుగువి కావు. మన అంకెలు మనమెవరం రాయం కదా. ఆ పేజీలో ఫోన్ నంబరూ, గీత గీసిన తారీఖూ ప్రపంచంలో ఎవరైనా చదవగలిగేట్టు ఉన్నాయి.

మర్నాడు శుక్రవారం, సెలవు. పొద్దున్నే అమ్మ వీడియో కాల్ చేసింది.

"ఏటే, మొకం అలగున్నాది? జొరమేటి?"

"లేదమ్మా. నిద్ర పట్టలేదు."

"తిన్నావా? ఆ రొట్టెలే తింతన్నావేటి ఇంకా? ఒసే గుంటా, ఏటో దాస్తన్నావు. సెప్పు."

"నావల్ల ఒకావిడకి చెడు జరుగుతుందేమోనమ్మా."

అమ్మ ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుంది. "అయితే నన్ను సూస్తావేటి? ఎల్లి సెప్పీయ్. కూకుంటే సరిపోద్దా?"

వెళ్ళి చెప్పాను. లాయరు తన ఇంటి గుమ్మంలోనే విన్నది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "పేరు?" అంది. తెలుగులో ఉందన్నాను. "నంబరు?" అది మామూలు అంకెల్లోనే ఉందన్నాను. అక్కకు ఫోన్ చేసి హెచ్చరిద్దామంటే శుక్రవారం మగవాళ్ళంతా ఇంట్లోనే ఉంటారు. "రేపటిదాకా ఆగడమే," అని తలుపు వేసుకుంది.

శనివారం నేను కేంద్రం తలుపు తెరిచిన పది నిమిషాలకు ఆ వ్యాను డ్రైవరు మెట్లెక్కి వచ్చాడు. చేతిలో రొట్టెల కవరు, అందులో నా డైరీ.

"నీదేనా?" అన్నాడు ఇంగ్లీషులో. "ఎవరిదో కనుక్కుందామని చూశాను. నేను చదవగలిగింది అందులో ఒక్క నంబరే. చేశాను. మా అక్క పేరు పడింది, మా వంటింట్లో మోగింది."

అతను డైరీ బల్ల మీద పెట్టాడు.

"మా అక్క చెప్పింది, ఇండియా అమ్మాయి గుడ్డ మీద కుట్టుపని అడిగిందని. నిజమేనా? ఏది గుడ్డ?"

ఇంట్లో, అతని కళ్ళెదుట, మోగుతున్న ఫోన్ చేత్తో పట్టుకుని అక్క అప్పటికప్పుడు ఆ మాట పుట్టించి ఉంటుంది. ఇప్పుడు దాన్ని నిజం చెయ్యాల్సింది నేను. లాయరుకు బహుమతిగా ఇద్దామని తెచ్చి, సిగ్గుతో ఇవ్వలేక కేంద్రం బీరువాలోనే దాచిన పొందూరు ఖద్దరు చీర గుర్తొచ్చింది. తెచ్చి అతని చేతిలో పెట్టాను. వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"పల్చగా ఉంది. ఎప్పటికి కావాలి?"

ఏ తారీఖు చెప్పాలో నేను వెతుక్కుంటున్నాను. అతనే డైరీ తెరిచి గీత గీసిన తారీఖు మీద వేలు పెట్టాడు. "దీనికా?"

"అవును."

"అయితే ఆ రోజు నేనే తీసుకొస్తాను."

డైరీ నాకిచ్చి, చీర తీసుకుని అతను వెళ్ళాక మెట్ల మీద కూర్చున్నాను. అప్పుడే వచ్చిన లాయరు జరిగింది విని పక్కన కూర్చుంది. "ఆ రోజు ఆమె ఇల్లు కదలడానికి దారి దొరికింది," అంది. నాకు మాత్రం వల కనబడింది.

ఆ తారీఖు దాకా రోజూ భయమే. అతనికి తెలిసి ఉంటుందని ఒక పూట, తెలియదని ఇంకో పూట. చెప్పిన రోజున వ్యాను ఆగింది. అక్క దిగింది, చేతుల్లో చీర. పమిటచెంగంతా ఎర్రదారంతో పొడుగాటి సైప్రస్ చెట్ల వరస కుట్టింది. పన్నెండు రోజుల్లో అంత పని ఎలా చేసిందో! నా చేతికిచ్చి, లాయరు బట్టలకు కొలతలు తియ్యాలని చెప్పి ఆమెతో వెనక గదిలోకి వెళ్ళింది. అక్కడి వెనక తలుపు నుంచి, రొట్టెల దుకాణంలోకి దిగే మెట్ల మీదుగా కోర్టుకు. అతను మాత్రం ముందు గదిలో కుర్చీ లాక్కున్నాడు.

లాయరు వెళ్తూ నా చెవిలో చెప్పింది: "గంటసేపు మాట్లాడించు." నన్ను!

టీ ఇచ్చాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. అతనే డైరీ వైపు చూపించాడు. "చదువు. మీ భాష ఎలా ఉంటుందో వింటాను."

తెరిస్తే ఆ పేజీయే వచ్చింది. పేజీ తిప్పడానికి ధైర్యం చాలక అదే చదివాను. అక్క చెప్పినట్టే రాసుకున్న మాటలు: "వాణ్ణి చంకనేసుకుని పెంచడానికి బడి మానేశాను. వాడితో పోట్లాట నాకొద్దు. నా చెట్లు నాకు కావాలి, అంతే."

"ఒక మాట ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు," అని నవ్వాడు. "ఏం రాశావు?"

"మా అమ్మ గురించి."

అబద్ధమే, కానీ పూర్తిగా కాదు. గజపతినగరం దగ్గర అమ్మ పుట్టింటి పొలం గురించి చెప్పాను. తల్లి పోతే తమ్ముణ్ణి అమ్మే పెంచింది. ఒకరోజు ఆ తమ్ముడు ఆటోలో రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్ళి, హక్కు వదులుకున్నట్టు కాగితం మీద సంతకం అడిగాడు.

"పెట్టిందా?"

"పెట్టింది."

"తమ్ముడు మంచివాడేనా?"

"మంచివాడే. ఏటా వేసవిలో పనసపండు తెస్తాడు. అమ్మ దాన్ని కోసి అందరికీ పెడుతుంది. తను తినదు."

ఆ మాట అంతవరకూ నేను ఎక్కడా రాసుకోలేదు. అతను గ్లాసు కింద పెట్టాడు. వెనక గది తలుపు వైపు ఒకసారి చూశాడు. కొలతలకు ఇంతసేపు పట్టదని ఎవరికైనా తెలుస్తుంది. అతను లేవలేదు.

అక్క వెనక తలుపు నుంచి రాలేదు. వీధి మెట్లెక్కి, ముందు తలుపులోంచే వచ్చింది. చేతిలో ముద్ర పడిన కాగితం మడతపెట్టకుండా పట్టుకుంది. అతను లేచాడు. అరబ్బీలో తక్కువ గొంతుతో ఏదో అన్నాడు. ఆమె ఒక్క మాటలో జవాబిచ్చింది. ఆమె వెనకే వచ్చిన లాయరు నాకు తర్జుమా చెయ్యలేదు. ఇద్దరూ దిగారు. నిండితే గాని కదలని ఆ వ్యాను ఆమె ఒక్కదానితోనే కదిలింది.

నా తిరుగు ప్రయాణానికి నాలుగు రోజులున్నాయి. మూడు రోజులు కిటికీ దగ్గరే గడిపాను. పసుపు వ్యాను కనబడినప్పుడల్లా లేచి నిలబడేదాన్ని. నాలుగో రోజు మధ్యాహ్నం అక్క వచ్చింది, నడిచి. చెప్పులనిండా దుమ్ము. తమ్ముడు వ్యాను ఎక్కనివ్వడం లేదని లాయరు చెప్పింది. అక్క సూది తీసి, ముందు గదిలో తన చోట కూర్చుంది. క్షమాపణ చెబుదామని డైరీ పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. ఆమె నా డైరీ తీసుకుని, పైన చెయ్యి వేసి, తిరిగి ఇచ్చేసింది.

ఇంటికొచ్చాక అమ్మ చీర విప్పి కిటికీ వెలుగులో పట్టుకుంది. కథంతా విన్నది.

"అయితే ఆయమ్మ సంతకం ఎట్టనేదన్నమాట."

"పెట్టలేదు."

"ఆల తమ్ముడు మాటాడతన్నాడా?"

"తెలీదమ్మా."

అమ్మ ఎర్రచెట్ల వరస మీద వేలితో చివరిదాకా వెళ్ళి ఆగింది. చీర మడతపెట్టి నా పెట్టెలో కాదు, తన పెట్టెలో పెట్టుకుంది.

ఆ వేసవిలో కూడా మావయ్య పనసపండు తెచ్చాడు. అమ్మ కత్తిపీట తియ్యలేదు. "నువ్వే కొయ్యిరా, నాకు సేతులు కాళీ నేవు," అంది. మావయ్య అమ్మ ముఖంలోకి చూశాడు. నేను డైరీ మూసి, తలుపు వెనక నిలబడ్డాను. అమ్మ ఈసారి పొలం మాట ఎత్తుతుందేమోనని చెవులు రిక్కించాను.