మామగారి కలువల తొట్టి

నేను దర్శికి కాపురానికి వచ్చిన ఏడాదే మా మామగారు ఇంటి ముందు కలువల తొట్టి కట్టించారు. బడిపంతులుగా రిటైరయ్యాక ఆయనకు పట్టుకున్న పిచ్చి అది. మోకాటి లోతు సిమెంటు తొట్టి, అడుగున చెరువు మట్టి, ఎర్ర కలువలు, కాసిని చేపపిల్లలు.

కార్తీకంలో చూడాలి దాని వైభోగం. దారిన పోయేవాళ్లు ఆగి, "మాస్టారూ, లక్ష్మీదేవి మీ ఇంటి ముందే కూర్చుందండీ" అనేవాళ్లు. ఆయన పక్కనే కుర్చీలో కూర్చుని తలాడించేవారు. నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటగానే ఉండేది.

శివరాత్రి దాటిందా, నాకు తిప్పలు మొదలు. తాగే నీళ్లకే కటకటలాడే ఊళ్లో తొట్టికి నీళ్లెక్కడివి? ఆకులు కుళ్లిపోయేవి. నాచు చీమిడిలా సాగేది. ఆ కంపు వంటింటి దాకా వచ్చి, కాచిన చారులో కూడా అదే వాసన అనిపించేది. ఎత్తిపోసేది నేనే. సబ్బుతో ఎంత తోముకున్నా, ముద్ద నోటి దగ్గరికి తెస్తే వేళ్లు కంపు కొట్టేవి. ఇక తొలకరికి కప్పలు! నీళ్ల మీద తేలే వాటి గుడ్లు చూశాక సగ్గుబియ్యం పాయసం ముట్టడం మానేశాను.

"అదంతా జీవమమ్మా, అసహ్యించుకోకూడదు" అనేవారు ఆయన, కుర్చీలోంచి లేవకుండా.

ఒక ఏడు పత్తికి పురుగు విపరీతంగా పట్టింది. ఊరంతా మందు వాసనే. దసరా ముందు ఒక మధ్యాహ్నం మేం పొరుగూరు వెళ్లొచ్చేసరికి తొట్టి మీద తెల్లటి నురగ. చేపలన్నీ పొట్టలు పైకి తేలి ఉబ్బిపోయాయి. వాటి మీద ఈగలు.

మా ఇంటి పక్క చేను రైతు మందు కొట్టే స్ప్రేయరు అందులో కడిగాడని తెలిసింది. అతను మామగారి దగ్గర చదువుకున్నవాడే. పిలిపించారు.

"ఏరా, ఇందులో కడిగావా?"

"తప్పయిపోయింది మాస్టారూ. మురికి గుంట కదా, ఏమవుద్దిలే అనుకున్నానండి."

మామగారి మొహం నల్లబడింది. తొట్టి ఎత్తిపోయమన్నట్టు నా వైపు చూశారు.

"నేను ముట్టను మామయ్యగారూ" అన్నాను. పెళ్లయ్యాక ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. మావారు మెల్లగా లోపలికి జారుకున్నారు.

పెద్దాయన పంచె ఎగ్గట్టి, తనే బకెట్ తీసుకున్నారు. చచ్చిన చేపను ఒకదాన్ని తోకపట్టి ఎత్తారు. అది చేతిలోనే చిట్లింది. అంతే, బకెట్ వదిలేసి గోడ పట్టుకుని భళ్లున కక్కుకున్నారు. నీళ్లిస్తే పుక్కిలించి, "ఏటేటా నువ్వు ఎత్తిపోసేది ఈ కంపేనా?" అన్నారు.

ఇక తొట్టి పూడ్పిస్తారనుకున్నాను. లేదు. మళ్లీ కలువ దుంపలు తెప్పించారు. ఆ తర్వాతి వేసవి నుంచి ముక్కుకు తువ్వాలు చుట్టుకుని ఎత్తిపోయడానికి ఆయనే దిగేవారు, వద్దన్నా వినకుండా. ఆయన్ని చూస్తే జాలేసేది. అయినా ఆ వాసనకు నేను గుమ్మం దాటి సాయానికి పోలేకపోయేదాన్ని.