టైలరుగారి సూది

షుగరొచ్చి పదేళ్ళయినా టైలరుగారి లెక్కలో అది చేతకానివాళ్ళ జబ్బు. ఉత్తి కాళ్ళతోనే మిషను తొక్కుతాడు. ఎవరి చొక్కాలో కుట్టు వంకరపోయినా ఇట్టే పట్టేసే ఆ కళ్ళు, సొంత అరికాలిని మాత్రం చూసిన పాపాన పోలేదు. "నా కాళ్ళకి నొప్పంటే ఏంటో తెలీదు" అని పైగా గొప్పలు. పోయిన వారం సూది కనబడలేదని, ఊడ్చి పారేశావంటూ పెళ్ళాన్ని నానా మాటలూ అన్నాడు. నిన్న దుప్పటి మీద చీము మరక చూసి ఆవిడే ఆస్పత్రికి లాక్కెళ్ళింది. అరికాలి పుండులో కుళ్ళిన కండ తీస్తుంటే నర్సు పట్టకారుకి సూది ముక్క తగిలింది.

"స్పర్శ పోయింది, అందుకే నొప్పి తెలీలేదు. పుండు మానేదాకా ఈ కాలు కింద మోపకండి. మిషను మాటే ఎత్తొద్దు" అంది నర్సు.

ఆయనగారు ఆ ముక్కని తేరిపార చూసి, పెళ్ళాం వైపు తిరిగాడు.

"నువ్వు సరిగ్గా ఊడ్చుంటే ఇది నాకు గుచ్చుకునేదా?"